బండిదారి

తెనాలి,
జూన్ 9.

బిందూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేసినప్పుడల్లా మీ వారు, రమేష్ బాబు అన్నయ్యగారు నీ పక్కనే ఉంటున్నారు. స్పీకర్ పెట్టావని నీ గొంతును బట్టే తెలిసిపోతోంది. ‘ఊఁ, చూద్దాం వదినా’ అనడం తప్ప ఇంకో మాట అనవు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని కూర్చుని రిటైరైనదాన్ని, నాకు ఉత్తరమే చేతనైన పని. అందుకే మీ కాలేజీ అడ్రసుకి రాస్తున్నాను.

సంగతి మన బండిదారి గురించి. మామయ్యగారు చేను ప్లాట్లు వేసి అమ్మినప్పుడు, వెనక మిగిలిన పొలానికి బండి పోవడానికని ఆ ముక్క ఉంచుకున్నారు. తర్వాత ఆ పొలం కూడా అమ్మేశారు. దారి మాత్రం మీ అన్నయ్యకీ నీకూ చెరి సగం మిగిలింది. ఆయన పోయాక ఆ సగం నాకు వచ్చింది. ఇదంతా నీకు తెలిసిందే. ఇప్పుడు ఇక్కడ ఎలా ఉందో మాత్రం నీకు తెలియదు.

వేమూరు రోడ్డు పొడుగునా ఊరు పెరిగిపోతోంది. ప్రతివాళ్ళూ తమ చేను హద్దుల దాకా వీధులు గీసి, అమ్ముకుని వెళ్ళిపోయారు. పక్క చేలో వీధి ఎటు పోతోందని చూసినవాళ్ళు లేరు, మామయ్యగారితో సహా. మన కాలనీలో ఏ వీధిలో నడిచినా చివరికి ఎవరిదో గోడ అడ్డం వస్తుంది. బయటికి పోవడానికి ఉన్నది పడమటివైపు రైల్వే గేటు ఒక్కటే. గేటు పడితే అందరం ఇక్కడే. తూర్పువైపు కొత్త బైపాస్ మన డాబా మీదికి కనిపిస్తూ ఉంటుంది, దాని మీదికి ఎక్కాలంటే మాత్రం ఊరంతా చుట్టి రావాలి. నడిచేవాళ్ళు మన బండిదారిలోంచి పోతున్నారు. స్కూలు పిల్లలు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, కూరగాయల బుట్టలవాళ్ళు అందరూ.

ఆ దారికి రెండు పక్కలా అన్నయ్యగారూ వాళ్ళ గుంటూరు భాగస్థులూ వెంచర్ వేస్తున్నారు. దారిని కూడా కలిపేసుకుని, చుట్టూ ప్రహరీ కట్టి గేటు పెడతారట. నేను మున్సిపల్ కమిషనర్‌గారిని కలిశాను. స్థలం మనం రాసిస్తే బైపాస్ దాకా రోడ్డు వేయిస్తామన్నారు. మన ఇద్దరి సంతకాలూ కావాలి.

ఆలోచించి రాయి.

మీ వదిన
సుభాషిణి

*

బాపట్ల,
జూన్ 20.

వదినా,

నీ ఉత్తరం అటెండర్ తెచ్చి ఇస్తే స్టాఫ్ రూమ్‌లో అందరూ వింతగా చూశారు. ఎవరు రాశారండీ, ఈ రోజుల్లో ఉత్తరమేంటండీ అని ఒకటే అడగడం. మా వదిన అంటే నమ్మలేదు.

నువ్వు చెప్పింది అర్థమైంది. కాదనను. కానీ నా ఇబ్బంది కూడా విను. ఆయన ఈసారి ఉన్నదంతా ఆ వెంచర్లోనే పెట్టారు. ప్లాటు చూడటానికి వచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది ఏంటో తెలుసా? నీళ్ళు కాదు, కరెంటు కాదు. ‘బయటివాళ్ళు లోపలికి రారు కదండీ?’ అని. నేను స్వయంగా విన్నాను. మధ్యలోంచి రోడ్డు పోతే వెంచర్ రెండు ముక్కలైపోతుంది, ఇక గేటు ఏంటి, ప్రహరీ ఏంటి?

పోనీ కొన్నాళ్ళు ఆగుదాం. ఆయన ముందు ఈ మాట ఎత్తడానికి ఒక సమయం రావాలి. ఈ మధ్య గుంటూరు నుంచి ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడుతున్నారు. అన్నం సగంలో వదిలేస్తున్నారు. నేనేదైనా అడిగితే ‘నీకు తెలియదులే’ అంటారు.

నీ మోకాలు ఎలా ఉంది? డాబా మెట్లు ఎక్కకు.

బిందు

*

తెనాలి,
జూలై 15.

బిందూ,

ఆగమన్నావు, ఆగాను. నిన్న పొద్దున బండిదారి మొదట్లో రేకులు పాతేశారు. ఈ చివరా పాతారు, బైపాస్ చివరా పాతారు. మధ్యలో ప్రహరీ పునాదికని గుంతలు తీస్తున్నారు. మన స్థలంలోనే.

నేను వెళ్ళి అడిగాను. సైట్ చూసుకునే కుర్రాడు హేమంత్ అట, మర్యాదగానే మాట్లాడాడు. ‘మేడమ్ గారు ఒప్పుకున్నారండి, సార్ చెప్పారండి’ అన్నాడు. ‘ఏ మేడమ్?’ అన్నాను. ‘బిందుమాధవి మేడమ్ గారేనండి.’

నా చుట్టూ కాలనీవాళ్ళు నుంచుని ఉన్నారు. మూడో వీధిలో సోఫాలు బాగుచేసే ఫ్రాన్సిస్ ‘అమ్మా, మీ మరదలుగారేనా?’ అని అడిగాడు. నేను ఏం చెప్పాలో చెప్పు.

పిల్లలు ఇప్పుడు స్కూలుకి గేటు చుట్టూ తిరిగి, లారీల పక్కనుంచి నడిచి పోతున్నారు. పెద్దపిల్లలు రేకుల కింద మట్టి తవ్వి దూరుతున్నారు. ఒక పిల్లకి వీపంతా గీరుకుపోయింది.

నువ్వు ఒప్పుకున్నావా? నాకు వేరే కబుర్లేమీ వద్దు. దీనికి జవాబు రాయి చాలు.

సుభాషిణి

*

బాపట్ల,
జూలై 24.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మా వారు కూడా చదివారు.

స్థలంలో నా భాగం గురించి ఏం చెయ్యాలో నాకు తెలుసు. దాని మీద మీరు ఇక నన్ను అడగవద్దు. వెంచర్‌కి అన్ని అనుమతులూ ఉన్నాయి. పనికి ఎవరూ అడ్డం రాకుండా ఉంటే అందరికీ మంచిది.

ఇంకో మాట. రోడ్డు పడితే మీ ఇల్లు మూల బిట్టు అవుతుందనీ, రెండు రోడ్ల మీద ఉన్న ఇంటికి ఎంత ధర పలుకుతుందో మీకు తెలియనిది కాదనీ ఇక్కడ అనుకుంటున్నారు. కాదని మీరు చెప్పగలిగితే చెప్పండి.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

బిందుమాధవి

*

తెనాలి,
ఆగస్టు 18.

బిందుమాధవి గారికి,

మూల బిట్టు సంగతికి జవాబు రాయకూడదనుకున్నాను. ఇప్పటికీ రాయను. ఇది వేరే సంగతి.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు చేసి అందరం నడుం వాల్చాం. కేకలు వినపడి బయటికి వచ్చేసరికి మూడో వీధి మీద నల్లగా పొగ. ఫ్రాన్సిస్ షెడ్డులో మిషన్ దగ్గర కరెంటు తీగె నుంచి రవ్వ లేచిందట. సోఫాల స్పాంజి, రెగ్జిన్, జిగురు డబ్బాలు. చూస్తుండగానే షెడ్డు నుంచి ఇంటికి అంటుకుంది. వాళ్ళ మామగారు మంచంలోంచి లేవలేని మనిషి, లోపలి గదిలో ఉన్నాడు.

ఫైరింజన్‌కి ఫోన్ చేశాం. ఎక్కడికో వెళ్ళి బైపాస్ మీద తిరిగి వస్తోందట, ఇట్టే వచ్చేసింది. గంట వినపడింది. రేకుల పైనుంచి ఎర్రగా బండి తల కనపడింది. మా వాళ్ళు పరుగెత్తి రేకులు పీకేశారు, చేతులు కోసుకుపోయినా చూసుకోలేదు. రేకులు పోతే ఏముంది? వాటి వెనక గుంతలు, నిండా వాన నీళ్ళు. డ్రైవరు దిగి అటు నుంచి చూసి, ‘అమ్మా, ఇందులో దిగితే బండి ఇక్కడే కూరుకుపోద్దమ్మా! చుట్టూ తిరిగి వస్తాం!’ అని అరిచాడు. బండిని వెనక్కి తిప్పాడు.

అది తిరిగి వెళ్ళిపోతుంటే ఫ్రాన్సిస్ భార్య రోడ్డు మీద కూలబడిపోయింది. నీళ్ళ బండి కళ్ళెదురుగా వచ్చి వెనక్కి పోవడం నేను ఎన్నడూ చూడలేదు. చూడకూడదు.

అటు రేపల్లె రైలు కోసం రైల్వే గేటు వేసి ఉంది. ఫైరింజన్ అక్కడ ఆగిపోయింది.

ఫ్రాన్సిస్ ఇక ఆగలేదు. తడి గోనెపట్టా కప్పుకుని లోపలికి వెళ్ళాడు. ఇనప తలుపు గడియ కాలిపోతూ ఉంటుంది కదా, దాన్ని వట్టి చేత్తో లాగాడు. మామగారిని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ముసలాయన బతికాడు. ఫ్రాన్సిస్‌ని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు చేతులూ కాలిపోయాయి, కుడిచెయ్యి మరీను. ఇంటికి గోడలు మిగిలాయి.

ఆ గుంతలు తవ్వింది నీ సగంలో, నా సగంలో. నేను ఒప్పుకోలేదు. నువ్వు ఒప్పుకున్నావు.

ఇక మీదట ఈ ఇంటికి నువ్వు రావాల్సిన పని ఏమీ లేదు.

సుభాషిణి

*

రేపల్లె,
ఆగస్టు 30.

వదినా,

నీ ఉత్తరం బాపట్ల వెళ్ళి, కాలేజీలో కొన్నాళ్ళు పడి ఉండి, అక్కడి నుంచి అటెండర్ పంపితే ఇవాళ నాకు చేరింది. పైన ఊరి పేరు చూశావుగా. నేను దీపక్ దగ్గర ఉన్నాను. వీడు ఇక్కడ రొయ్యల మేత కంపెనీలో చేస్తున్నాడని నీకు తెలుసు కదా. ఉన్నది ఒక గదీ, చిన్న హాలూ, వంటిల్లూ. గది అమ్మకే అని వాడు హాల్లో చాప మీద పడుకుంటున్నాడు. కాలేజీకి సెలవు పెట్టి వచ్చాను, వచ్చి నెల కావస్తోంది.

నేను ఒప్పుకోలేదు వదినా. ఎక్కడా సంతకం పెట్టలేదు.

నీ జూలై ఉత్తరం నా బ్యాగులో ఆయనకి దొరికింది. ఎదురుగా కూర్చోబెట్టి జవాబు రాయించారు. అందులో నిన్ను ‘మీరు’ అని రాశాను. నువ్వు మన ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నిన్ను ఎప్పుడైనా మీరు అన్నానా? అది చూస్తే నీకు తెలిసిపోతుంది, ఈ మాటలు దానివి కావు అనుకుంటావు అని ఆశపడ్డాను. నువ్వు మాటలే చూశావు.

మూల బిట్టు మాట ఆయనదే. కానీ రాస్తున్నప్పుడు, నిజమేనేమో అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. ఇది దాచుకుంటే నాకు నిద్ర పట్టదు.

తర్వాత ఒకరోజు కాగితాలు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ‘సంతకం పెట్టు, హేమంత్ కింద వెయిట్ చేస్తున్నాడు’ అన్నారు.

‘వదినతో ఒకమాట మాట్లాడాలండి’ అన్నాను.

‘నీకు అన్నం పెడుతున్నది మీ వదినా, నేనా?’

‘నేను కూడా ఉద్యోగం చేస్తున్నానండి’ అన్నాను. ఇన్నేళ్ళలో ఆయనతో అలా అనడం అదే మొదలు. ఆయన మెల్లిగా, ‘ఇది పోతే నేను గుంటూరులో తలెత్తుకోలేను బిందూ’ అన్నారు. అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నాకు కోపం వచ్చేది. ఆ గొంతు విన్నాక ఇంకో గంట అక్కడ ఉంటే సంతకం పెట్టేస్తానని భయం వేసింది. రెండు చీరలు పెట్టుకుని బస్సెక్కాను.

కానీ ఒకటి. రోడ్డుకి కూడా నేను సంతకం పెట్టలేను. పెడితే ఆ ఇంటికి మళ్ళీ ఎలా వెళ్ళను? నన్ను రెండు వైపులా లాగకండి. ఫ్రాన్సిస్ ఎలా ఉన్నాడో మాత్రం రాయి.

బిందు

*

తెనాలి,
సెప్టెంబరు 7.

బిందూ,

ఆ ‘మీరు’ నాకు తట్టలేదు. చదివి కోపంతో మడిచి పెట్టేశాను, మళ్ళీ తీయలేదు. నీ ఉత్తరం వచ్చాక తీసి చదివాను. వద్దు, దాని గురించి ఏమీ రాయలేను. రావాల్సిన పని లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఇల్లు నీది కూడా.

ఫ్రాన్సిస్‌కి ప్రాణభయం లేదు. కుడిచేతి వేళ్ళు వంగవంటున్నారు. భార్యా మామగారూ చర్చి వెనక గదిలో ఉంటున్నారు.

రేకులు మళ్ళీ పాతారు. గుంతలు మాత్రం కదపలేదు. కాలనీవాళ్ళు ధర్నా చేద్దామంటే నేనే ఆపాను. నిన్ను నేను లాగను. సంతకం సంగతి ఇక అడగను.

పిల్లాడిని రాత్రిళ్ళు చాప మీద పడుకోబెట్టకు. మన పాత మడతమంచం పంపిస్తాను, రైల్లో వేస్తే వాడు దింపుకోగలడా?

వదిన

*

రేపల్లె,
సెప్టెంబరు 22.

వదినా,

మంచం తనే తెచ్చుకుంటానని దీపక్ ఆదివారం తెనాలి వచ్చాడు కదా. నీ చేతి పులిహోర తిని వచ్చాడు. వచ్చాక నాతో సరిగా మాట్లాడలేదు. ఏంట్రా అంటే, ‘అమ్మా, అత్తయ్య వీధిగదికి ఎర్ర రంగు గుర్తులు పెట్టి ఉన్నాయి. ఏంటని అడిగితే సున్నాలు వేయిస్తున్నానని చెప్పింది. ఎదురింటివాళ్ళని అడిగాను’ అన్నాడు.

ఎదురింటివాళ్ళు చెప్పారట. రోడ్డు వెడల్పుకి బండిదారి చాలదనీ, మీ ఇంటి పక్కకి వచ్చేసరికి ఇంకా ఇరుకనీ, వీధిగది మొత్తం కొట్టేస్తేనే గానీ రోడ్డు పడదనీ. కొలతలు వేసి వెళ్ళింది జూన్ మొదట్లోనేనట.

అంటే నాకు మొదటి ఉత్తరం రాసినప్పటికే నీకు తెలుసు.

ఆ గది అన్నయ్య నా పురిటికని కట్టించాడు. అప్పుడు పాత ఇంట్లో గాలి ఆడేది కాదు. డాక్టరమ్మ రాకముందే దీపక్ ఆ గదిలోనే పుట్టాడు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది నువ్వు. గది పోతుందని ఒక్క ఉత్తరంలోనైనా రాయలేదు. పైగా నేను మూల బిట్టు అన్నాను. దానికి కూడా, ఇదిగో నా గది పోతోంది చూడు అనలేదు.

ఎందుకు రాయలేదు? నాకు కోపంగా ఉంది. నిజంగానే కోపంగా ఉంది.

బిందు

*

తెనాలి,
సెప్టెంబరు 27.

బిందూ,

రాస్తే నువ్వు ఏం చేసేదానివి? పురుడు పోసుకున్న గది అని ఏడ్చి వద్దనేదానివి. లేదంటే వదినే ఇల్లు వదులుకుంటోందని జాలిపడి సంతకం పెట్టేదానివి. రెండూ నాకు వద్దు. రోడ్డు కావాలా వద్దా, ఆ ఒక్కటే చూసి నువ్వు చెప్పాలనుకున్నాను. అది నా పంతం.

అదొక్కటే కాదులే. గది పోతుందని ఒకసారి కాగితం మీద పెడితే నేనే వెనక్కి తగ్గుతానేమోనని భయం. మీ అన్నయ్య చివరి రోజుల్లో ఆ గదిలోనే పడుకున్నారు. కిటికీలోంచి ఆయన అందరినీ పలకరించేవారు. నేను ఇప్పటికీ పొద్దున్నే లేచి ముందు ఆ కిటికీ తలుపులే తీస్తాను.

ఫ్రాన్సిస్‌ని ఆసుపత్రి నుంచి చర్చి వెనక గదికి తెచ్చారు. నిన్న చూడటానికి వెళ్ళాను. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని తాగుతున్నాడు. రోడ్డు సంగతి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

ఇంతకంటే నాకు ఏమీ రాయాలని లేదు.

వదిన

*

రేపల్లె,
అక్టోబరు 3.

వదినా,

రిజిస్ట్రార్ ఆఫీసుకి ఏ రోజు రావాలో కనుక్కో.

జాలితో కాదు. రెండు రోజులుగా పొద్దున్నే లేచి ఇక్కడ రైలు గేటు దాకా నడుస్తున్నాను. గేటు పడితే అందరూ ఆగుతారు, లేస్తే పోతారు. అక్కడ నుంచుంటే ఫైరింజన్ వెనక్కి తిరగడం కనపడుతోంది నాకు. నేను చూడకపోయినా కనపడుతోంది. అది నా స్థలంలో గుంతల వల్ల తిరిగింది. ఆయన ఎలా తీసుకుంటారో ఆయన ఇష్టం. నేను ఫోన్ చేసి చెప్పే వస్తాను, దొంగచాటుగా రాను.

బిందు

*

బాపట్ల,
నవంబరు 2.

వదినా,

రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ రోజు నువ్వు లోపల వేలిముద్రలు వేస్తున్నప్పుడు నేను ముందుగా బయటికి వచ్చాను గుర్తుందా? మెట్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. నీకు చెప్పలేదు.

‘పెట్టేశావా?’ అన్నారు.

‘పెట్టేశానండి.’

‘కారెక్కు.’

అందుకే నీతో భోజనానికి ఆగకుండా వచ్చేశాను. బాపట్ల దాకా ఒక్క మాట లేదు. ఎక్కడైనా కారు ఆపి దిగమంటారేమో అనుకున్నాను. ఆపలేదు. ఇంటికి వచ్చాక నా బ్యాగు తనే లోపల పెట్టారు. మర్నాడు రేపల్లె వెళ్ళి నా చీరలు తెచ్చుకున్నాను, ఎక్కడికని అడగలేదు.

అప్పటి నుంచీ మాటల్లేవు. అన్నం పెడితే తింటారు. ‘ఉప్పు సరిపోయిందాండీ’ అంటే తల ఊపుతారు. గుంటూరు భాగస్థులు తప్పుకున్నారని హేమంత్ చెబితే తెలిసింది. తిట్టినా పడేదాన్ని. ఈ ఇల్లు మీ కాలనీలా ఉంది వదినా, ఎటు నడిచినా గోడే.

వెళ్ళిపోవాలని లేదు. ఉండటం కష్టంగా ఉంది. అంతే.

బిందు

*

తెనాలి,
ఫిబ్రవరి 11.

బిందూ,

ఇన్నాళ్ళూ రాయలేదని నిష్ఠూరం వద్దు. ఇల్లంతా దుమ్ము, రాయడానికి చోటు లేదు.

గది కొట్టేశారు. నేను చూడకూడదనుకుని గుడికి వెళ్ళాను, సగం దారిలో తిరిగి వచ్చేశాను. అప్పటికి కిటికీ తీసి కింద పెట్టారు. మిగతాది పొద్దు గుంకేలోగా అయిపోయింది. ఇప్పుడు హాలు గోడే వీధి గోడ. రోడ్డు పడి వారమైంది. హారన్లు, లారీలు. పొద్దున్న పాల బండి మొదలు నిద్ర ఉండదు. ఎదురింటామె, ‘మీ వల్లే కదండీ ఈ గోల’ అని నవ్వుతూనే అంది, నవ్వు మాత్రం పైపైనే. ఇంత దుమ్ము వస్తుందని నేనూ అనుకోలేదు. స్కూలు పిల్లలు పోతుంటే మాత్రం బయటికి వచ్చి నుంచుంటున్నాను. ఫ్రాన్సిస్ భార్య రోడ్డు వారన టిఫిన్ బండి పెట్టింది. అతను ఎడమచేత్తో ప్లేట్లు అందిస్తున్నాడు. సోఫా పని ఇక లేదు.

అసలు ఇవాళ రాస్తున్నది వేరే. పొద్దున అన్నయ్యగారు వచ్చారు.

అటువైపు గేటు పడి ఉండాలి, కారు బైపాస్‌కి పోవడానికని మన వీధిలోకి వచ్చింది. మన ఇంటి ముందు ఆగింది. ఆయన దిగలేదు. గది ఉన్నచోట తారు కేసి చూస్తూ కూర్చున్నారు. వెనక లారీవాడు ఒకటే హారన్. నేను వెళ్ళి, ‘పక్కకి తీసి లోపలికి రండి అన్నయ్యగారూ’ అన్నాను.

‘ఇప్పుడు కాదక్కయ్యా’ అన్నారు. కారు మాత్రం పక్కకి తీశారు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. మనిషి బాగా తగ్గిపోయాడు బిందూ. వెంచర్‌కి ప్రహరీలు మానేసి, ప్లాట్లు విడివిడిగా అమ్ముతున్నారట. అమ్ముడుపోతున్నాయా అని నేను అడగలేదు.

నీళ్ళు తాగి గ్లాసు చేతిలోనే ఉంచుకున్నారు. తర్వాత, ‘బిందు మీకు ఉత్తరాలు రాస్తుంది కదా’ అన్నారు.

‘రాస్తుందండి.’

‘నా గురించి ఏం రాస్తుంది?’

ఆ గొంతు నువ్వు చెప్పినట్టే ఉంది. అరవలేదు. నాకు చెప్పాలనిపించింది కూడా. కానీ చెప్పలేదు.

‘ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా అన్నయ్యగారూ. మీరే అడగండి’ అన్నాను.

ఆయన గ్లాసు ఇచ్చేశారు. కారు బైపాస్ వైపు తిప్పారు. ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది కారు.

ఈ ఉత్తరం నీకు చేరేలోగా ఆయన అడిగే ఉంటారో, ఇంకా అడగాలనుకుంటూ నీ ఎదురుగా కూర్చుని ఉంటారో నాకు తెలియదు. అడిగితే చెప్పు. రేపల్లె సంగతి, ఉప్పు సంగతి, అన్నీ చెప్పు. నాకు రాయడానికి ఏమీ మిగలకపోయినా పర్వాలేదు.

మీ వదిన